దీపానికి ఓవర్‌కోటు

ఆ కుట్టుగదిలో ఎవరు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో తెలియాలంటే నోరు తెరిచి అడగక్కర్లేదు, ఎడమ కణత చూస్తే చాలు. పన్నెండు మిషన్లు, పన్నెండు దీపాలు, ఒక్కో దీపం నెత్తిన ఒక్కో రేకు టోపీ. సూదిలోకి చూద్దామని తల వంచారా, ఆ టోపీ కణత మీద చురుక్కుమని వాత పెడుతుంది. కొత్తగా చేరినవాళ్లకి ఒకటో రెండో మచ్చలు. ముప్ఫై ఏళ్లుగా అక్కడే కూర్చున్న కోటు పిన్ని కణత మీద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ఓపిక ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. ఇది చల్లగా వెలిగే బల్బులు ఇంకా రాని రోజుల మాట. అప్పట్లో వెలుతురు కావాలంటే దాని వెంట వేడి కూడా వచ్చేది, ఒక్కణ్ణి భోజనానికి పిలిస్తే ఇంటిల్లిపాదీ దిగినట్టు.

కోట్లు తప్ప ఇంకేమీ కుట్టదు కాబట్టి కోటు, గదిలో అందరి మీదా సొంత మనుషుల మీద అరిచినట్టు అరుస్తుంది కాబట్టి పిన్ని. పదహారో ఏట సరదా పుట్టి తండ్రి కోటు మొత్తం విప్పేసింది. విప్పడం వచ్చింది గానీ కలపడం రాలేదు. చివరికి ఎలాగో కలిపితే ఒక చెయ్యి వెనక్కి తిరిగింది. పాపం ఆ తండ్రి చలికాలమంతా ఎవరో వెనక నుంచి పిలుస్తున్నట్టు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకునే తిరిగాడు, కూతుర్ని పల్లెత్తు మాట అనలేదు. అప్పుడే ఆవిడ ఒట్టేసుకుంది, బతికినన్నాళ్లూ కోట్లే కుడతానని. ముప్ఫై ఏళ్లలో ఆవిడ చేతుల మీదుగా వెళ్లిన కోట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే మేడ కన్నా ఎత్తవుతాయని కాలరు వదిన అంటుంది. కాలరు వదిన పక్క మిషను మీద కాలర్లు కుడుతుంది, ఆవిడ మాటల్లో సగం తీసేసినా మిగిలేది తక్కువేం కాదు.

అంతటి పిన్నికి ఒక రహస్యం ఉంది. చూపు తగ్గింది. బస్సు కనబడుతుంది, బస్సు మీద నంబరు కనబడదు. మనిషి కనబడతాడు, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో దగ్గరికొస్తే గానీ తెలియదు. నల్లగుడ్డ మీద నల్లదారం సంగతి చెప్పనే అక్కర్లేదు. కళ్లడాక్టరు అద్దాలు మార్చి మార్చి, చివరికి చేతులు కడుక్కుని చెప్పేశాడు. "అద్దాలతో అయ్యే పని అయిపోయిందమ్మా. ఇక మీ కళ్లకి వెలుతురే మందు. ఎంత ఎక్కువుంటే అంత మంచిది, ఎంత దగ్గరుంటే అంత మంచిది."

ఈ మాట గదిలో ఎవరికీ తెలియకూడదు. ఎందుకంటే అక్కడొక పద్ధతి ఉంది. చూపు తగ్గిందని తెలిస్తే మాస్టరు మిషను మీంచి లేపి గుండీల బల్లకి పంపిస్తాడు. అక్కడ పొద్దస్తమానం గుండీలు రంగుల వారీగా ఏరుకుంటూ కూర్చోవాలి. కళ్లు సరిగా కనబడనివాళ్లకి రంగులు ఏరే పని ఇవ్వడంలో ఉన్న తెలివేమిటో మాస్టరునే అడగాలి, ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పిన్నికి మాత్రం ఆ బల్ల వైపు చూస్తేనే ఒళ్లు జలదరించేది. కోటు కుట్టని కోటు పిన్ని అంటే ఏముంది, ఊరికే ఒక పిన్ని.

అందుకని పదిహేను వాట్ల బల్బు తీసేసి, గుట్టుచప్పుడు కాకుండా అరవై బల్బు బిగించుకుంది. సూదిలో దారం మాత్రం అరవైకి కూడా లొంగలేదు. దగ్గరికెళ్తే టోపీ కాలుస్తుంది, దూరంగా ఉంటే సూది బెజ్జం మాయమవుతుంది. ఆ పని కాలరు వదిన చేసిపెట్టేది. "ఇటివ్వు పిన్నీ, నాకు చెయ్యి దురద, దారం ఎక్కించకపోతే తోచదు" అనేది. ఆ దురద రోజుకి ఇరవైసార్లు పుట్టేది. పిన్ని ఆ సంగతి నమ్మినట్టు నటించేది. కుట్టు మాత్రం చేతి అలవాటు మీద, వేళ్ల కొసల నమ్మకం మీద నడిచిపోయేది.

సోమవారం నాడు కొంప మునిగింది. బ్యాండు మేళం వాళ్ల ముప్ఫై నల్లకోట్లలో ఒకదాని చెయ్యి తిప్పుతుంటే, అది కాస్తా టోపీకి అతుక్కుంది. పొగ లేచింది, గదంతా కాలిన ఉన్ని వాసన కొట్టింది. మాస్టరు కత్తిరింపు బల్ల దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. గదికి యజమానీ ఆయనే, కత్తెరా ఆయనదే. బల్బు చూశాడు, మాడిన చెయ్యి చూశాడు, పిన్నిని చూశాడు.

"అరవై బల్బా! ఇది మిషనా, కుంపటా పిన్నిగారూ?"

"వెలుతురు నాక్కాదు మాస్టారూ, నల్లగుడ్డకి."

"నల్లగుడ్డకి అందరూ పదిహేనుతోనే కుడుతున్నారు. శనివారం లోపల ఈ పొయ్యి తీసెయ్యండి. లేదా ముట్టుకుంటే కాలని టోపీ తెచ్చుకోండి. ఇంత మంట లేకపోతే కనబడదంటారా, చెప్పండి, గుండీల బల్ల దగ్గర చోటు ఖాళీగానే ఉంది."

 పిన్ని నోరు ఎక్కువసేపు ఊరుకునే రకం కాదు. "ముట్టుకుంటే కాలని టోపీయే తెస్తాను. శనివారం మీ చెయ్యే పెట్టి చూసుకోండి" అనేసింది. అనేశాక గానీ తెలియలేదు, అలాంటి టోపీ లోకంలో ఎక్కడా లేదని.

కుట్టుపనివాళ్లకి ఏ కష్టమొచ్చినా ముందు గుడ్డే గుర్తొస్తుంది. మిషను దీపం విప్పి ఇంటికి తెచ్చుకుని, మంగళవారం సాయంత్రం టేపు మెడలో వేసుకుని దాని ముందు కూర్చుంది. కొలతల పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన "దీపంగారు" అని రాసింది. ఛాతీ పదకొండు. నడుము ఆరు. మెడ లేదు. వేడి స్వభావం. ఈ చివరి మాట కొలతల్లో ఉండదు గానీ, కస్టమరు సంగతి కొంత తెలిసి ఉండటం మంచిదని రాసుకుంది. నాలుగు పొరల కంబళి గుడ్డతో ముచ్చటైన టోపీ కుట్టింది.

ఇక అది కాలుతుందో లేదో చూడాలి. పరీక్షకి కణత కావాలి. ఆవిడ కణత ఎన్నో వాతలు తిని మొద్దుబారిపోయింది. అప్పుడు ఆవిడ కళ్లు బాబాయి మీద పడ్డాయి. బాబాయి ఆవిడ భర్త, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నున్నటి బట్టతల, దాని మీద ఈగ వాలినా ఏ కాలు ముందు పెట్టిందో చెప్పగలడు.

"ఏమండీ, కాస్త తల వంచి దీనికి ఆనించండి. ఆనించి అంకెలు లెక్కపెట్టండి. కాలితే ఆపెయ్యండి."

"రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి భయపడితే ఎలా" అని నిట్టూర్చి బాబాయి తల ఆనించాడు. జీవితమంతా ప్రయాణికుల తలలు లెక్కపెట్టినవాడు, ఇప్పుడు సొంత తలతో లెక్కపెడుతున్నాడు. ఏడు దాకా బాగానే వెళ్లింది. ఎనిమిది దగ్గర ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఏమోయ్, నా తల బాగానే ఉంది. నీ టోపీయే నా తలకి బదులు కాలుతోంది" అన్నాడు. నిజమే, లోపలి పొర ఎర్రగా నిప్పు రాజుకుని పొగలు కక్కుతోంది. పిన్ని నీళ్ల చెంబు తెచ్చి టోపీ మీదా, తొందరలో బాబాయి మీదా కూడా పోసింది.

బుధవారం పూలకుండీ వంతు. మట్టి ఇట్టే వేడెక్కదని ఆవిడ లెక్క. అడుగున బెజ్జం ఉన్న చిన్న కుండీని బోర్లించి దీపానికి తొడిగింది. బాబాయి ముప్ఫై దాకా లెక్కపెట్టేసి, "భేష్! సీటు దొరికినట్టే ఉంది" అన్నాడు. ముప్ఫై ఒకటి అనేలోగా దీపం కాడ ఆ బరువు మొయ్యలేక మెల్లగా, మహా వినయంగా వంగి బాబాయి పాదాలకి నమస్కారం చేసింది. కుండీ నాలుగు ముక్కలైంది. పాదం ముక్కలవలేదు గానీ, ఆయన రెండు రోజులు కుంటుతూ నడిచాడు.

గురువారం మధ్యాహ్నం పిన్ని సెలవు పెట్టి తమ్ముడి కొట్టుకి బయల్దేరింది. ముందు రోజే వెళ్లాల్సింది, కానీ తమ్ముడి సాయం అడగడం కన్నా నిప్పుల మీద నడవడం నయమనుకునే రకం. తమ్ముడు రేకు పనివాడు. బకెట్లు, గరాటాలు, పొగగొట్టాలు చేస్తాడు. అక్కా తమ్ముళ్లిద్దరికీ చిన్నప్పట్నుంచీ ఒక్క విషయంలో కూడా పడలేదు, అయినా ఒకళ్లని ఒకళ్లు వదిలి వారం ఉండలేరు. ఆవిడ గుడ్డ గొప్పదంటే వాడు రేకు గొప్పదంటాడు.

"దళసరి రేకుతో పాత టోపీ కొలతకి సరిగ్గా ఇంకోటి చెయ్యరా. దళసరిది కాబట్టి త్వరగా కాలదు" అంది. పాత టోపీని కాగితం మీద దొర్లించి, సుద్దతో గీసి, కత్తిరించి నమూనా కూడా చేసి, దీపంతో పాటు తెచ్చింది. నమూనా తీసే చెయ్యి ముప్ఫై ఏళ్ల చెయ్యి కదా, దాని పని అది చేసుకుపోయింది. చుట్టూ నాలుగు వైపులా అంగుళం మార్జిను వదిలింది. కోటన్నాక మార్జిను లేకుండా ఎవరైనా కత్తిరిస్తారా? కుట్టడానికి కొంత, రేపు కస్టమరు లావెక్కితే విప్పడానికి కొంత. ఈ దీపంగారు లావెక్కుతారో లేదో ఆవిడ చెయ్యి ఆలోచించలేదు.

రేకు పనివాడికి మార్జిను తెలియదు. వాడికి అంచంటే అంచే. కాగితం అంచుకి కత్తిరించి, గుండ్రంగా వంచి, పైన మూతేసి, రివెట్లు కొట్టి రెండు గంటల్లో చేతికిచ్చాడు. పిన్ని దాన్ని బల్బుకి పట్టి చూసింది. నెత్తిన కొప్పెర పెట్టుకున్నట్టుంది.

"ఇదేమిట్రా! బల్బుకి టోపీ చెయ్యమంటే గంగాళం చేశావు!"

"నువ్విచ్చిన కాగితమే అక్కా. అంచుకి ఇవతల వెంట్రుకవాసి లేదు, అవతల వెంట్రుకవాసి లేదు."

"అది కుట్టు మార్జినురా తింగరోడా! లోపలికి మడవాలి!"

"రేకుకి కుట్టేమిటే? రేపు గొడుగు కుట్టించుకోవడానికి కంసాలి దగ్గరికి వెళ్తావా ఏంటి?"

"ముప్ఫై ఏళ్లుగా చూస్తున్నావు, మార్జినంటే ఏమిటో తెలియదూ?"

"ముప్ఫై ఏళ్లుగా నువ్వు నా కొట్టులో కూర్చుని టీ తాగుతున్నావు, రేకంటే ఏమిటో తెలిసిందా?"

పిన్నికి ఒళ్లు మండిపోయింది. పాత టోపీ అప్పటికే దీపానికి బిగించి ఉంది, బల్బు వెలుగుతోంది. వాడికి ఎంత పెద్దదో చూపిద్దామని కొత్తదాన్ని ఆ పాత టోపీ మీదే టప్పున బోర్లించింది. "చూడు, కళ్లు తెరిచి చూడు! ఇది టోపీ కాదు, దీపానికి ఓవర్‌కోటు!" అని మొదలుపెట్టింది. వాడు సుత్తి పట్టుకుని జవాబు మొదలుపెట్టాడు. చిన్నప్పటి పలక ఎవరు విరగ్గొట్టారన్న గొడవ దాకా వెళ్లిపోయారు.

వెంట వచ్చిన బాబాయికి ఈ గొడవలు కొత్తకాదు. కానీ దీపం వెలుగుతోంది, కొత్త టోపీ ఉంది, అంటే తన డ్యూటీ వచ్చినట్టే. స్టూలు లాక్కుని, బట్టతల ఆనించి లెక్క మొదలుపెట్టాడు. వీళ్లు అరుస్తూనే ఉన్నారు. పలక సంగతి తేలకుండానే సైకిలు సంగతిలోకి దిగారు. సైకిలు గొయ్యిలో పడ్డ దగ్గర ఇద్దరికీ ఒకేసారి ఊపిరి అందలేదు. ఆ చిన్న నిశ్శబ్దంలో బాబాయి గొంతు వినబడింది.

"నూటపదకొండు... నూటపన్నెండు..."

పిన్ని తమ్ముణ్ణి చూసింది. తమ్ముడు బావని చూశాడు.

"బావా, నీ తల అక్కడే ఉందా?"

"ఎక్కడికి పోతుంది? నూటపధ్నాలుగు. వెచ్చగా హాయిగా ఉందిరా."

పిన్ని చెయ్యి పెట్టి చూసింది. వెచ్చన, అంతే. పై టోపీ ఎత్తి కింది టోపీ ముట్టుకుంది, కెవ్వుమని చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్లీ బోర్లించి పైది ముట్టుకుంది. వెచ్చన! రెంటికీ నడుమ చుట్టూ చిటికెనవేలు దూరేంత సందు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "లైనింగురా!" అని అరిచింది. "కోటుకి లైనింగు ఎందుకేస్తాం? గుడ్డకీ గుడ్డకీ నడుమ గాలి ఉండాలని! లోపలి వేడి బయటికి రాదు, బయటి చలి లోపలికి పోదు! ముప్ఫై ఏళ్లు మనుషులకి కుట్టి దీపానికి కుట్టాలని తోచలేదురా నాకు!" తమ్ముడి చేతులు పట్టుకుని ఆ రేకుల మధ్య గిర్రున తిరిగింది. రెండు బకెట్లూ ఒక గరాటా దొర్లిపోయాయి.

సంబరం నాలుగు నిమిషాలే నిలిచింది. మళ్లీ తల ఆనించి లెక్క అందుకున్న బాబాయి మూడువందల చిల్లర దగ్గర "అబ్బా!" అని తల ఎత్తాడు. సందులో గాలి పోయే దారి లేక లోపలే ఉడికిపోయి, పై టోపీని కూడా కాల్చింది. తమ్ముడి మొహం వాడిపోయింది. పిన్ని మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఒక్క నిమిషం ఆలోచించింది.

"లావుపాటివాళ్లకి చెమట పడితే కోటు వెనక చీలిక పెడతాం. దీనికీ చీలికలు పెట్టరా. పైన, చుట్టూ. గుండీ పట్టే కాజాలంత."

"రేకుకి కాజాలా!"

"నీ చేతనవుతుందా, నేను కొయ్యనా?"

ఆ మాటంటే వాడు ఇనప బీరువాకైనా కాజాలు కొడతాడు. శుక్రవారం పొద్దున పైఅంచు చుట్టూ పన్నెండు కాజాలు కొట్టాడు, రెండు టోపీల నడుమ సందు చెదరకుండా మూడు రేకు పట్టీలు బిగించాడు. బల్బు వెలిగించి కాజాల పైన చెయ్యి పెడితే వేడిగాలి బుస్సుమంటూ ఎగిరిపోతోంది. బాబాయి తల ఆనించి లెక్క మొదలుపెట్టాడు. ఆరువందలు దాటాక అంకెలు ముద్దముద్దగా వచ్చాయి, ఎనిమిదివందల దగ్గర గురక వచ్చింది. అక్కా తమ్ముళ్లిద్దరూ నోరు మూసుకుని ఆ గురకని పాట విన్నట్టు విన్నారు. వాళ్లిద్దరూ ఒకే చోట, ఒకేసారి నోరు మూసుకోవడం అదే మొదలు.

శనివారం పొద్దున పిన్ని ఆ ఓవర్‌కోటు దీపాన్ని మిషనుకి బిగిస్తుంటే గదంతా చుట్టూ మూగింది. "దీపానికి చలేసిందా పిన్నీ?" అని ఒకరు, "దీనికి జేబులేవి?" అని ఇంకొకరు. మాస్టరు వచ్చి అరచెయ్యి టోపీ మీద పెట్టాడు. ఒక నిమిషం ఉంచాడు, రెండు నిమిషాలు ఉంచాడు. చెయ్యి తీసి చూసుకుని, ఇంకో చెయ్యి పెట్టాడు. "సరే, కాలలేదు. మరి కుట్టు?" అని బ్యాండు వాళ్ల నల్లకోటు ఒకటి, నల్లదారపు రీలు ఒకటి ముందు పెట్టాడు. "జేబు మూత కుట్టండి. అందరం చూస్తాం."

కాలరు వదిన అలవాటుగా చెయ్యి చాపబోయింది. అందరి కళ్లూ అక్కడే ఉండటంతో చెయ్యి సగంలో ఆగిపోయింది. పిన్ని దారం కొస నాలిక మీద తడిపింది.  తల వంచింది. ఇంకా వంచింది. కణత వెళ్లి టోపీకి తగిలింది. కాలలేదు! వెచ్చగా, ఎవరో చెంప మీద చెయ్యేసినట్టుంది. ముక్కు సూదికి బెత్తెడు దూరంలో ఉంది, అరవై బల్బు వెలుతురంతా ఆ ఒక్క చోట పోసినట్టుంది. ఆ వెలుతురులో, నిటారుగా, తెల్లగా, చిన్న కిటికీలా సూది బెజ్జం.

దారం ఒక్క పోటుకి దూరిపోయింది.

"కనబడిందోయ్!" అని గది కప్పు ఎగిరిపోయేలా అరిచింది పిన్ని. "బెజ్జం కనబడిందోయ్! రెండేళ్ల తర్వాత కనబడిందోయ్!"

చుట్టూ మూగిన తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. అప్పుడు తెలిసింది ఆవిడకి, తన నోటితోనే ఏం చెప్పేసిందో. ఎవరో అడిగి రాబట్టలేదు, పట్టుకుని నిలదీయలేదు, సంతోషం ఆపుకోలేక తానే కక్కేసింది.

మాస్టరు మెల్లగా అడిగాడు. "రెండేళ్లా?"

ఇక దాచి ఏం లాభం? "రెండేళ్లు, మాస్టారూ. చేతి అలవాటు మీద కుట్టాను. గుండీల బల్లకి పంపిస్తారని భయపడి చెప్పలేదు. ఇప్పుడు కనబడుతోంది. ఒట్టు, నాకు కనబడుతోంది." మొహం మీద నవ్వు మాత్రం పోలేదు. అంత భయంలో కూడా ఆ చిన్న కిటికీ చూసిన ఆనందం ఆవిణ్ణి వదల్లేదు.

"దారం నేనే ఎక్కించాను. పంపిస్తే ఇద్దర్నీ పంపించండి" అంది కాలరు వదిన.

మాస్టరు ఆవిడ వంక చూడలేదు. "లేవండి పిన్నిగారూ" అన్నాడు.

పిన్ని కోటు పక్కకి జరిపింది. లేచింది. గది మూలనున్న గుండీల బల్ల వైపు ఒక అడుగు వెయ్యబోయి ఆగింది, ఎందుకంటే మాస్టరు ఆవిడ స్టూలు మీద కూర్చున్నాడు. సూదిలోంచి దారం లాగేశాడు. కళ్లద్దాలు పైకి నెట్టి, తల వంచి, కణత టోపీకి ఆనించి, దారం కొస పట్టుకున్నాడు.  రెండుసార్లు తప్పింది. మూడోసారి దూరింది.

ఆయన అలాగే ఉండిపోయాడు, తల ఎత్తకుండా. "మీకు రెండేళ్లు. నాకు నాలుగు" అన్నాడు.

కత్తిరింపు పెద్దపని అని మాస్టరు మిషను వదిలేసి ఆ బల్ల దగ్గరే నిలబడిపోయాడని గదంతా అనుకునేది. అసలు కారణం చూపు తగ్గడమని ఇప్పుడు తెలిసింది. ముందు కాలరు వదిన నవ్వింది, ఆ నవ్వు ఒకరి నుంచి ఇంకొకరికి పాకి గదంతా గలగలలాడింది. మాస్టరు కూడా నవ్వాడు, అద్దాల కింద కళ్లు తుడుచుకుంటూ.

"ఇలాంటివి ఇంకో పన్నెండు కావాలి. పదకొండు వీళ్లకి, ఒకటి నాకు. నాకొక మిషను తెప్పించుకుంటాను. ఇక ఈ స్టూలు మీద మీరు తప్ప ఎవరూ కూర్చోరు, ఇది నా మాట."

పిన్ని కళ్లు తుడుచుకుని, నడుము మీద చేతులు పెట్టుకుంది. "మరి లేవండి మాస్టారూ."

ఆయన నల్లకోటు జేబు మూత సూది కిందకి జరుపుకుని, కాలు పెడలు మీద పెట్టాడు.

"ఒక్క వరస పిన్నిగారూ. నాలుగేళ్లయింది. ఒక్క వరస కుట్టుకోనివ్వండి."

పిన్ని ఆయన వెనక నిలబడి, గుడ్డ జారకుండా చేత్తో పట్టుకుంది.